పెంచలయ్య వేసిన ఎలుగుబంటి

పిల్లలూ, ఈ కథ మీకు ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు. మీరు పెరుగుతున్న ఊళ్లో ఇది తెలిసినవాళ్లు లేరు. అందుకని నేను విన్నది విన్నట్టు చెబుతాను. మధ్యలో నాకు తెలియనిది ఏదైనా వస్తే తెలియదనే చెబుతాను, నా సొంతం అతికించను.

వెలిగొండల కింద ఒక ఊళ్లో నాగలింగం అనే చిత్రకారుడు ఉండేవాడు. నూలుగుడ్డ మీద కలంతో బొమ్మలు వేసేవాడు. ఆ కలం వెదురుపుల్ల. ఒక కొన సన్నగా చెక్కి, దానికి కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి, దారంతో బిగించి కడతారు. గుడ్డ రంగును పీల్చుకుంటుంది. వేలితో నొక్కితే రంగు మొనకు దిగుతుంది. ఊరంతా ఆయన్ని అయ్యవారు అనేది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గీత గీసేవాడు వేరు, రంగు నింపేవాడు వేరు. నేర్చుకోవడానికి వచ్చినవాడు మొదట ఏట్లో గుడ్డలు ఉతకాలి. తర్వాత కరక్కాయలు దంచాలి. ఆ తర్వాత, వేరేవాళ్లు గీసిన గీతల మధ్య రంగు నింపాలి. ఖాళీ దొరికినప్పుడు చింతబొగ్గుతో గీసుకోవచ్చు. బొగ్గు దులిపితే పోతుంది కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఎప్పటికో ఒకనాటికి అయ్యవారికి నమ్మకం కుదిరితే, తన కలాన్ని వాడి చేతిలో పెడతాడు. కుదరకపోతే వాడు బతికినన్నాళ్లూ రంగు నింపుకుంటూనే ఉంటాడు. అలా తల నెరిసిపోయినవాళ్లు ఆ వసారాలో ఇద్దరున్నారు.

పెంచలయ్య వచ్చి ఎనిమిదేళ్లయింది. ఆ ఇద్దరి మధ్యా కూర్చుని రంగు నింపేవాడు. రోజూ వాళ్ల వేళ్లు చూసేవాడు. తర్వాత తన వేళ్లు చూసుకునేవాడు.

ఆ ఏడు కొండమీది గుడివాళ్లు పెద్ద తెర వేయించుకోవాలని వచ్చారు. మధ్యలో దేవుడు, చుట్టూ నాలుగువైపులా అడవి. వాళ్లు వెళ్లిపోయాక పెంచలయ్య అయ్యవారి ముందు నిలబడ్డాడు.

"అయ్యవారూ, తెర చుట్టూ వచ్చే అడవి నాకివ్వండి."

"నీకు అడవి తెలుసా?"

"ఏనుగు వేస్తాను. జింక వేస్తాను. పులి వేస్తాను. మన నమూనా పక్కన పెట్టి చూడండి, వెంట్రుకంత తేడా ఉండదు."

"ఉండదు. చూశాను," అన్నాడు అయ్యవారు. "మా తాత వేసిన పులిని మా నాయన వేశాడు. ఆయన వేసిందాన్ని నేను వేశాను. నేను వేసిందాన్ని నువ్వు వేస్తున్నావు. మా తాత పులిని చూశాడో లేదో నాకు తెలియదు."

పెంచలయ్య నమూనాల పెట్టె వైపు చూశాడు. అయ్యవారే మళ్లీ అన్నాడు,

"ఈ ఇంట్లో నమూనా లేని జంతువును ఒకదాన్ని వేసుకురా. కళ్లతో చూసి వెయ్యి. సరిగ్గా ఉంటే అడవి నీదే. లేకపోతే తెరకు రంగు నింపుదువుగాని."

నమూనాల పెట్టెలో ఏనుగులున్నాయి, సింహాలున్నాయి, రెండు తలల పక్షి కూడా ఉంది. ఎలుగుబంటి లేదు. పెంచలయ్యకు ఆ మధ్యాహ్నమే దారి దొరికింది. పక్క ఊరి తిరునాళ్లలో మస్తాను సాహెబు అనే ముసలాయన ముక్కుతాడు కట్టిన ఎలుగుబంటిని ఆడిస్తున్నాడు.

నాలుగు రోజులు అక్కడే కూర్చున్నాడు. గోళ్లు ఎన్నో లెక్కపెట్టాడు. రొమ్ము మీది తెల్లటి నెలవంకను కొలిచాడు. భుజాల మీద వెంట్రుకలు ఎటు వాలతాయో చూశాడు. ముందుకు వంగి దాని ఊపిరి వాసన కూడా చూశాడు.

నాలుగోరోజు సాహెబు అన్నాడు, "ఏంది నాయనా, పెళ్లిచూపులకొచ్చినోడి మాదిరి చూస్తా ఉండావు? దానికి పిల్లనిచ్చే పనుంటే చెప్పు, మాట్లాడుకుందాం."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెంచలయ్య కూడా నవ్వాడు. అతని చూపు మాత్రం గోళ్ల మీదే ఉంది.

ఇంటికొచ్చి, కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ పరుచుకుని, ఆరు రోజులు బొగ్గుతో గీశాడు. రెండు కాళ్ల మీద లేచి నిలబడ్డ ఎలుగుబంటి. మెడ పైకి ఎత్తి ఉంది. ముందు కాళ్లు గాలిలో ఉన్నాయి. రొమ్ము మీద నెలవంక. ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. రంగు నింపే ముసలివాళ్లిద్దరూ లేచొచ్చి చూశారు. ఒకాయన వేలు పెట్టబోయి, బొగ్గు చెదురుతుందని వెనక్కి తీసుకున్నాడు. "వీడు మన మధ్య ఇక ఎన్నాళ్లో కూర్చోడు," అన్నాడు రెండో ఆయన.

పెంచలయ్య ఆ మాట విననట్టు ఊరుకున్నాడు. విన్నాడు.

అయ్యవారు వచ్చి గుడ్డ ముందు చతికిలబడి కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నల్లరంగు కుండ తెమ్మన్నాడు. ఇనుపముక్కలూ బెల్లమూ కలిపి మూడు వారాలు ఊరబెట్టిన రంగు అది. కుండలో నల్లగా ఉండదు, పలచటి కషాయంలా ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడితే నల్లబడుతుంది. ఒకసారి నల్లబడితే ఇక ఉతికినా పోదు, ఎండకూ పోదు.

అయ్యవారు కలం ముంచాడు. ఎలుగుబంటి ముక్కు దగ్గర మొన ఆనించి, ఒక్క గీత గీశాడు. ఆ గీత ముక్కు మీదనుంచి పైకి పోయి, కొంచెం వంగి, గుడ్డ అంచు దాటి ఆగింది. చూస్తుండగానే నల్లబడింది.

కలం కింద పెట్టాడు. "ఇప్పుడు సరిపోయింది," అన్నాడు.

పెంచలయ్య గుడ్డ మీదికి వంగి చూశాడు. "అయ్యవారూ, ఆ తాడు నేను వెయ్యలేదు."

"నువ్వు వేసిందే. నేను నలుపు పెట్టానంతే."

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. ముసలివాళ్లిద్దరూ తమ చోట్లకు పోయి కూర్చున్నారు.

అదే సమయానికి పోలమ్మ కొండమీదినుంచి కరక్కాయల గంప దించుకుని వసారాలోకి వచ్చింది. ఆమెది యానాది గూడెం. ఆ ఇంటికి కరక్కాయలూ రంగు తీసే చెట్ల వేళ్లూ ఆమే తెచ్చేది. చెంగుతో మెడ తుడుచుకుంటూ గుడ్డ వైపు చూసింది.

"ఓహో, ఆడించే ఎలుగా," అంది. "బాగుందబ్బయ్యా. తాడు లాగితే అట్టనే లేస్తది పాపం. అట్టనే మెడెత్తుద్ది."

పెంచలయ్య గుడ్డను రెండు కొసలూ పట్టుకుని వీధిలోకి తెచ్చాడు. గట్టిగా ఒక్కసారి విదిలించాడు. ఆరు రోజుల బొగ్గు దుమ్ములా లేచి పోయింది. ఎలుగుబంటి పోయింది. గుడ్డ మీద తాడు ఒక్కటే మిగిలింది.

అతను దాన్ని చూస్తూ నిలబడ్డాడు. పోలమ్మ గంప ఖాళీ చేసి బయటికి వచ్చేదాకా అలాగే ఉన్నాడు.

"అవ్వా, నన్ను కొండకు తీసుకుపో. ఎలుగుబంటిని చూపించు."

"నేనేమన్నా పెంచుతుండానా, పిలిస్తే వచ్చేదానికి?"

"అది తిరిగే చోటు చూపించు, చాలు."

పోలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "తలకు నూనె పెట్టుకోబాక. బీడీ తాగబాక. నేను కూచోమంటే కూచో, పొమ్మంటే పో. ఎదురుపడితే మీద పడి చీలుస్తది. మా ఇంటాయన చెవి అట్టనే పోయింది. రెండు చెవులున్నప్పుడూ నా మాట వినలా, అది వేరే సంగతి."

మర్నాడు తెల్లవారుతుండగా బయల్దేరారు. ఆ రోజు ఏమీ కనపడలేదు. ఆ మర్నాడూ కనపడలేదు. పోలమ్మ తన పని తాను చేసుకునేది, అతను గాలికి ఎదురుగా ఒక బండ మీద కూర్చునేవాడు. వెంట తెచ్చుకున్న బొగ్గు జేబులోనే ఉండేది. పోను పోను కొన్ని తెలిశాయి. చెట్టు బెరడు మీద నిలువునా నాలుగైదు చారలుంటే అవి దాని గోళ్లు. పేడలో తునికి గింజలుంటే నిన్న అది తిన్నది తునికి పండ్లు. చెదలపుట్ట పక్కకు ఒరిగి, లోపలి మట్టి తడిగా ఉంటే, అది ఇప్పుడే వెళ్లింది.

ఎనిమిదోరోజు అతను విసుక్కున్నాడు. "ఇన్నాళ్లు కూర్చున్నా ఒక్కసారైనా కనపడదేందవ్వా?"

"నీకు కనపడాలని దానికేం పని?" అంది పోలమ్మ.

ఊళ్లో తెర గుడ్డ పాలల్లో ముంచి ఆరేశారని కబురు తెలిసింది. అంటే గీత మొదలుపెట్టడానికి ఇక వారం కూడా లేదు. ముసలివాళ్లలో ఒకాయన పెంచలయ్య పీట తుడిచి, రంగుగిన్నె పక్కన పెట్టి ఉంచాడు. మంచికే చేశాడు. పెంచలయ్య ఆ సాయంత్రం పీట చూసి, అన్నం తినకుండానే పడుకున్నాడు.

పదకొండోరోజు పొద్దున చప్పుడు ముందు వినపడింది. కొలిమి తిత్తి ఊదినట్టు ఒక చప్పుడు, వెంటనే లోపలికి పీల్చుకున్నట్టు ఇంకొకటి. పోలమ్మ అతని భుజం నొక్కి పట్టుకుంది.

వాగుకు అవతల పుట్ట దగ్గర ఎలుగుబంటి ఉంది. వీపు ఇటు తిప్పి ఉంది. తల మెడదాకా పుట్టలో ఉంది. ఊదుతోంది, ఎర్రమట్టి దుమ్ము లేస్తోంది, చెదలు పీల్చుకుంటోంది. నెలవంక కనపడలేదు. గోళ్లు మట్టిలో దిగి ఉన్నాయి, లెక్కపెట్టడానికి లేదు. వీపు మీద మూపు ఉన్నట్టుంది. మూపు కదిలింది. అది మూపు కాదు, పిల్ల. తల్లి వెంట్రుకలు రెండు చేతులా పట్టుకుని, ముఖం వాటిలో దాచుకుని పడుకుని ఉంది.

ఆకు వక్క నమిలేంతసేపు అది అక్కడ ఉంది. ఒకసారి తల బయటికి తీసి గాలి వాసన చూసింది. వీళ్లున్న వైపే చూసింది. పెంచలయ్యను చూసిందో, బండను చూసిందో తెలియదు. మళ్లీ తల పుట్టలో పెట్టింది. తర్వాత, పని అయిపోయినట్టు, పిల్లతో సహా పొదల్లోకి నడిచిపోయింది.

"గియ్యలేదేం అబ్బయ్యా?" అంది పోలమ్మ, భుజం వదిలి.

పెంచలయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. బొగ్గు తియ్యాలన్న సంగతే గుర్తులేదు.

ఇంటికొచ్చి కొత్త గుడ్డ పరిచాడు. మధ్యాహ్నం మొదలుపెట్టాడు, పొద్దు వాలకముందే అయిపోయింది. ఎక్కువ గీతలు లేవు. ఒక వీపు. మట్టిలో దిగిన రెండు కాళ్లు. పుట్టలో ఉన్న తల, కాబట్టి తల లేదు. వీపు మీద వెంట్రుకలు పట్టుకున్న రెండు చిన్న చేతులు. కొంచెం దుమ్ము.

ముసలివాళ్లిద్దరూ వచ్చి చూశారు. ఒకాయన, "ముందుదే బాగుందిరా," అన్నాడు మెల్లిగా.

పెంచలయ్యకూ అదే భయం ఉంది. అయినా గుడ్డ తీసుకెళ్లి అయ్యవారి ముందు పరిచాడు.

"ముఖం సరిగ్గా కనపడలేదు అయ్యవారూ. కనపడనిది వెయ్యలేదు."

అయ్యవారు చతికిలబడి కూర్చున్నాడు. "కుండ తీసుకురా," అన్నాడు.

పెంచలయ్య కుండ తెచ్చాడు. కింద పెట్టేటప్పుడు కాస్త రంగు నేల మీద ఒలికింది.

అయ్యవారు కలం నిండా ముంచాడు. గుడ్డ మీదికి వంగాడు. కలం మొన పుట్ట దగ్గరికి వెళ్లింది, అక్కడ ఆగింది. మెడ వైపు వచ్చింది. ముందుకాలి మీదికి వచ్చింది, పైకి లేచింది. వీపు మీద చిన్న చేతుల దగ్గర ఎక్కువసేపు ఆగింది. మొనకు చుక్క దిగింది. బరువెక్కింది. ఇక పడుతుందనగా అయ్యవారు రెండో చెయ్యి కింద పెట్టాడు. చుక్క అరచేతిలో పడింది. అక్కడ అది కషాయంలాగే ఉండిపోయింది.

కలాన్ని వెనక్కి తిప్పి, పట్టుకునే కొన ముందుకు వచ్చేలా పెంచలయ్య చేతిలో పెట్టాడు.

"తాడు కట్టడానికి చోటు దొరకలేదు," అని, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు.

పిల్లలూ, కథ ఇంతే. ఎప్పటికైనా మీరు దీన్ని ఇంకొకరికి చెప్పండి. చెప్పేటప్పుడు తాడును ఒక్క గీతతోనే వేయించండి, రెండొద్దు. మొదటి గుడ్డ ఏమైందని అడుగుతారు. నాకు తెలియదు, కాబట్టి తెలియదనే చెప్పండి. అయ్యవారు చివర అన్న మాట దగ్గర ఆపేయండి. దాని అర్థం ఏమిటని అడిగితే, మాకు చెప్పినవాళ్లూ అక్కడే ఆపేశారని చెప్పండి.