ఓబులాచారి తుపాకీ

"ఉస్తాద్, ఒక్క అబద్ధంతో మంచి వస్తువొకటి బతికిపోతుందంటే, ఆ అబద్ధం ఆడటం తప్పా?" అని అడిగాడు శిష్యుడు కొండయాచారి.

మౌలాలి ఉస్తాద్ పాత తుపాకులు బాగుచేసే మనిషి. నల్లమల కింది పల్లెల్లో ఆయన చెయ్యి పడని మందుతుపాకీ లేదు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు మాత్రం ఆయనకు లేదు. "రేపు నాతో తాలూకా కచేరీకి రా" అన్నాడు.

ఆ ప్రశ్నకు కారణం గంగులమ్మ. పంటచేలో పందులను బెదరగొట్టడానికి చనిపోయిన మొగుడు పేల్చిన తుపాకీని ఆమె గోనెలో చుట్టి తెచ్చింది. మూతిలోంచి మందు పోసి, కడ్డీతో దట్టించి కాల్చే పాతరకం. ఖరీదైనదేమీ కాదు, పైగా తుప్పు. అప్పుడే ఒక ఉత్తర్వు వచ్చింది. ఏ దేశంలో ఏ కంపెనీ చేసిందో తేలిన పాత తుపాకులను ఇంట్లో జ్ఞాపకంగా ఉంచుకోవచ్చు. తక్కినవన్నీ కరిగించేస్తారు.

గురుశిష్యులు పద్దెనిమిది రోజులు దానితో కుస్తీ పట్టారు. గొట్టంలోకి కడ్డీ దించితే అట్టడుగుకు నాలుగు వేళ్ల ముందే ఆగింది. ఎన్నేళ్ల నాటి మందో ఇంకా లోపలే ఉంది. తడిపి, మెల్లగా తోడి తీశారు. కిరసనాయిలులో నానబెట్టి తుప్పు వదిలించారు. గుండు తిరుగుతూ దూసుకుపోవడానికి లోపల కోసిన ఏడు గాడులు బయటపడ్డాయి. వాటిలో ఒకటి వెంట్రుకవాసి వంకర. "ఇది యంత్రం పని కాదు, చేతి పని" అన్నాడు ఉస్తాద్. కొయ్య ఊడదీస్తే, గొట్టం అడుగున, ఎవరి కంటా పడని చోట, ఉలితో చెక్కిన తెలుగు అక్షరాలు: ఓబులాచారి.

కొండయాచారి ఆ అక్షరాలను వేలితో తడిమి చూశాడు. మరుక్షణమే ఉత్తర్వు గుర్తొచ్చింది. అందులో పల్లె కమ్మరికి చోటెక్కడిది? అంగడి పెట్టెలో ఏదో ఇంగ్లండు సీమ కంపెనీ ముద్ర కొట్టే అచ్చు ఒకటి పడి ఉంది. ఒక్క సుత్తి దెబ్బ చాలు. అప్పుడే ఉస్తాద్‌ను ఆ ప్రశ్న అడిగాడు.

మర్నాడు కచేరీలో అధికారి కలం పట్టుకుని, "ఏ దేశం?" అన్నాడు.

"ఈ దేశమే."

"కంపెనీ?"

"కంపెనీ కాదయ్యా, కమ్మరి. పేరు ఓబులాచారి."

"అలాంటి గడి ఈ ఫారంలో లేదు. ఎందుకొచ్చిన గొడవ ఉస్తాద్, సీమ తుపాకీ అని మీరో సంతకం పెట్టండి. ముసలమ్మ ఇంటికి తీసుకుపోతుంది."

ఉస్తాద్ గంగులమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, వస్తువు నీది. వేరే పేరు రాస్తే ఇప్పుడే నీ చేతికి వస్తుంది. లేకపోతే కరిగిపోవచ్చు. ఏం చేయమంటావు?"

గంగులమ్మ కొంగు బిగించింది. "మా ఆయన పోయినప్పుడు ఇంకొకడి పేరు చెప్పుకుని బతకమని ఊరంతా చెప్పింది సామీ. వినలేదు. ఇప్పుడీ తుపాకీకి ఇంకొకడి పేరు పెట్టమంటావా?"

"గడి లేకపోతే గీయండి" అన్నాడు ఉస్తాద్.

అధికారి గీయలేదు. ఉస్తాద్ కూడా కదల్లేదు. చేసినవాడి పేరుతో సహా అభ్యంతరం రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకునేదాకా బల్ల ముందు నిలబడ్డాడు. అభ్యంతరం ఉన్నదాన్ని కరిగించడానికి వీల్లేక, తుపాకీని కచేరీ గోడకు తగిలించారు. ప్రతి సోమవారం గంగులమ్మ వచ్చి, దాన్ని దింపించి, అధికారి కళ్లెదుటే నూనె రాసి తుడిచి, మళ్లీ తగిలింపజేసి పోయేది.

పధ్నాలుగు నెలలకు పైనుంచి జవాబు వచ్చింది. అధికారి ఎర్రసిరాతో గడి గీసి, అందులో ఓబులాచారి పేరు రాసి, తుపాకీని గంగులమ్మ చేతికిచ్చాడు.

దారిలో కొండయాచారి ఉండబట్టలేక అన్నాడు: "ఒక్క సంతకం పెట్టి ఉంటే ఆ రోజే ఇంటికి వచ్చేది కదా ఉస్తాద్?"

"వచ్చేది" అన్నాడు ఉస్తాద్. "ఎవరి తుపాకీ?"