నక్క కొన్న బిల్లు

అనగనగా ఇప్పచెట్లు నిండిన ఒక అడవిలో నూకాలు అనే గిజిగాడి పిట్ట ఉండేది. గడ్డిపోచలతో గంపలు అల్లి అమ్మడం దాని పని. ఇప్పపూల వ్యాపారం చేసే ఎలుగుబంటి ఆ గంపలు తీసుకునేది. అడవికి ఒక కంప్యూటర్ కూడా ఉండేది. ఎవరు ఎవరికి ఎంత బాకీ, ఎప్పటిలోగా కట్టాలి అన్నదంతా ఉడుత అందులో బిల్లులుగా ఎక్కించేది.

ఆ వేసవిలో ఇచ్చిన గంపలకి నూకాలుకి ఎలుగుబంటి నుంచి వంద కుంచాల గింజలు రావాలి. గడువు దాటిపోయింది. వానలు మొదలయ్యేలోగా గింజలు గూటికి చేరకపోతే పిల్లలకి పస్తులే.

మొదటిసారి వెళితే ఎలుగుబంటి నిద్రపోతోందన్నారు. రెండోసారి, "బిల్లు మీద నా పంజా ముద్ర లేదే!" అంది. ఆ ముద్ర వేయాల్సింది తానే! మూడోసారి, "పౌర్ణమికి చూద్దాంలే నూకాలూ" అని తేనె నాకుతూ కూర్చుంది.

నూకాలు ఏడుస్తూ వస్తుంటే నక్క ఎదురైంది.

"ఏడవకు చెల్లీ. ఆ బిల్లు నాకు అమ్మెయ్. డెబ్బై కుంచాలు ఇప్పుడే ఇస్తా. వసూలు చేసుకునే తిప్పలు నావి."

"వందకి డెబ్బయ్యేనా అన్నా?"

"మరి నీ పిల్లలు పౌర్ణమి దాకా ఆగుతారా?"

ఆగరు. నూకాలు ఒప్పుకుంది. ఉడుత ఒక్క మీట నొక్కింది. బిల్లు నక్క పేరు మీదకి మారిపోయింది. "ఎంత సులువో!" అని అడవంతా మెచ్చుకుంది. సులువే మరి! ఎండలో అల్లింది ఒకరు, ముప్పై కుంచాలు మింగింది ఇంకొకరు!

మర్నాడే కోతులు ఎలుగుబంటి గాదె నుంచి నక్క గుహకి వంద కుంచాలు మోశాయి. అది చూసి నూకాలుకి ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఎలుగుబంటి ముక్కు ముందు వాలింది.

"నాకు లేని గింజలు నక్కకి ఎక్కణ్నుంచి వచ్చాయి దొరా?"

"నక్కకి ఆలస్యమైతే కంప్యూటర్ రోజూ వడ్డీ వేస్తుందమ్మా. నీకైతే వెయ్యదుగా!" అని ఎలుగుబంటి నవ్వింది.

నూకాలు ఉడుత దగ్గరికి ఎగిరింది. "నాకెందుకు వెయ్యదు?"

"బిల్లులో వడ్డీ గడి నీకూ ఉంది. నక్క దాన్ని నింపించుకుంది. దొరకి వడ్డీ వేస్తే మర్యాద కాదు, ఖాళీగా వదిలెయ్ అని నువ్వే అన్నావు. గిజిగాళ్లందరూ అదే అన్నారు."

చూశారా పిల్లలూ! ఎగ్గొట్టేవాడికి లేని సిగ్గు అడిగేవాళ్లకి ఎందుకు?

నూకాలు గిజిగాళ్లందర్నీ పిలిచింది. వాటికీ ఎలుగుబంటి బాకీ ఉంది.

"మనం అడిగేది భిక్ష కాదు, మన కష్టం! అందరం ఆ గడి నింపుదాం. బాకీ తీరేదాకా గంపలు ఇవ్వొద్దు. బిల్లులు నక్కకి అమ్మొద్దు."

"దొరకి కోపం వస్తేనో?" అంది ఒక ముసలి పిట్ట.

"మన పిల్లలకి ఆకలి వేస్తోంది పిన్నీ. ఏది పెద్దది?"

ఇప్పపూలు కుప్పలుగా రాలాయి. ఎత్తడానికి గంపలు లేవు. ఎలుగుబంటి నక్కని అల్లమంది. బిల్లులు కొనడమే తెలిసిన నక్క గడ్డిపోచకి ముడి కూడా వెయ్యలేకపోయింది. పూలు కుళ్లి కంపు కొట్టాయి.

చివరికి ఎలుగుబంటే గిజిగాళ్ల చెట్టు కిందకి వచ్చింది. "అమ్మా, సరుకంతా పాడైపోతోంది. నాలుగు గంపలు ఇప్పించు."

"ముందు అందరి బాకీలూ కట్టండి. ఆలస్యానికి వడ్డీ కూడా."

ఎలుగుబంటి కట్టింది. గిజిగాళ్ల గూళ్లు నిండాయి. నూకాలు గూటిలో మాత్రం ముప్పై కుంచాల వెలితి ఉండిపోయింది. వానాకాలం చివర్లో అది తన వంతు మానుకుని పిల్లలకి పెట్టింది. నక్క ఒక్క గింజ కూడా తిరిగి ఇవ్వలేదు.

నీతి: మీ కష్టానికి రావలసింది అడగడానికి మొహమాటపడకండి, ఆ మొహమాటంతోనే దోచుకునేవాళ్ల గాదెలు నిండుతాయి.