ఎంగిలి అంటని పుల్ల

నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచి చెప్పులేసుకోండి. సగం విని పెదవి విరిచేవాళ్ళంటే నాకు గిట్టదు. గోదావరి పొంగి గట్టు తెగిన ఏడు ఒక బియ్యం బస్తా నెత్తిన పెట్టుకుని, ఇంకో బస్తా పళ్ళతో కరుచుకుని మా ఆశ్రమం దాకా ఈదుకుంటూ వచ్చినవాణ్ణి నేను. ఒక్క గింజ తడవలేదు. దాన్ని నమ్మినవాళ్ళకి దీన్ని నమ్మడం కష్టం కాదు. ఇది చాలా చిన్న సంగతి. ఒక పూట భోజనం.

మా గురువుగారు నారాయణావధానిగారికి ఒక అలవాటుండేది. పొద్దున అడిగిన ప్రశ్నకు భోజనాలు కానిదే జవాబు చెప్పేవారు కారు. కడుపు నిండాక కూడా మిగిలి ఉంటే అది ప్రశ్నే అనేవారు.

ఆ రోజు అడిగినవాడు డాక్టరు పేరిశాస్త్రి. నరాల వైద్యుడు. రోగి గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడు విని రోగం పేరు చెప్పేస్తాడని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా చాటింది నేనే. అందులో సగానికి పైగా నిజమే.

“మెదడులో చూపు ఎక్కడ పుడుతుందో, భయం ఎక్కడ పుడుతుందో వేలు పెట్టి చూపించగలనండీ,” అన్నాడు. “కన్నూ యంత్రమే, నాలుకా యంత్రమే. అన్నీ లెక్కకి వచ్చాక ఇంకా ఏదో మిగిలిందనీ, అది చైతన్యమనీ తమరంటారు. యంత్రానికి అందనిది ఒకటుందని నేనెలా నమ్మను?”

ప్రశ్న గట్టిదే గాని గొంతులో పట్టు లేదు. ఎందుకో మాకందరికీ తెలుసు. కొన్నేళ్ళ కిందట ఆయన భార్య హైమవతిగారు మెడ దగ్గర్నించి కుడిచేతి దాకా నొప్పిగా ఉందన్నారు. ఈయన ఉన్న పరీక్షలన్నీ చేయించాడు. ప్రేమగానే చేయించాడు. ఆ ఫిల్ములు కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, “చూడు హైమా, ఎక్కడా ఏమీ లేదు. నొప్పి ఉండడానికి వీల్లేదు,” అన్నాడు. ఆవిడ చూసి, సరే అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తగ్గిపోయి ఎత్తలేదా, తగ్గకపోయినా ఎత్తలేదా అన్నది ఈ మధ్య ఆయన్ని తినేస్తోంది.

గురువుగారు అంతా విని, “వంట ఎంతదాకా వచ్చింది?” అని మాత్రం అడిగారు.

ఆ రోజు వంట హైమవతిగారిది. మా ఆశ్రమంలో దేవుడికి నివేదన కానిదే వంటని ఎవరూ రుచి చూడరు. ఉప్పు చేతి అంచనాతోనే పడాలి. అంతకుముందు వారం ఎవరో పులిహోరలో ఉప్పు మరిచిపోతే వచ్చినవాళ్ళంతా మొహమాటానికి మింగి వెళ్ళారు. భార్యకి ఆ మాట రాకూడదని డాక్టరు పట్నం నుంచి ఉప్పు కొలిచే మీటరొకటి తెప్పించాడు. కలమంత పుల్ల. పులుసులో ముంచితే అంకె చెబుతుంది.

వంటింటి గడపలో అడ్డుపడింది నేనే. తర్కంలో కాశీ పండితుల చేతనే చెమటలు కక్కించినవాణ్ణి, ఊరుకుంటానా? “నాలుకా యంత్రమేనన్నావుగా పొద్దున. నాలుక పెడితే ఎంగిలైనప్పుడు, నీ పుల్ల పెడితే ఎందుక్కాదోయ్?”

“అది రుచి చూడదయ్యా బాబూ. కొలుస్తుంది, అంతే.”

వెనకనుంచి గురువుగారి గొంతు వినిపించింది. “రుచి తెలియనిదానికి ఎంగిలేమిటి? ముంచుకోనీ.”

గుమ్మడికాయ దప్పళంలో పుల్ల ముంచాడు. ఉప్పు సరిగ్గా ఉందంది. నివేదన అయింది, పంక్తి కూర్చుంది. నలుగురు కదపలేని గంగాళాన్ని ఒంటిచేత్తో ఎత్తి వడ్డన మొదలుపెట్టాను. నేను వడ్డిస్తే పంక్తి మొదట్లో నెయ్యి కరిగేలోగా చివర్లో మజ్జిగ పడిపోతుంది.

గురువుగారు దప్పళం కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నారు. పక్కన కూర్చున్న డాక్టరు ఉండబట్టలేకపోయాడు.

“ఉప్పు సరిపోయిందాండీ?”

“నీ పుల్ల ఏమంది?”

“సరిపోయిందనే అంది.”

“మరి నన్నెందుకు అడుగుతున్నావు?”

డాక్టరు నవ్వాడు. “అది ఎంతుందో చెబుతుందండీ. ఎలా ఉందో తిన్నవాళ్ళే కదా…”

మాట సగంలో ఆగిపోయింది. ఆయన చూపు వంటింటి గుమ్మం మీద పడింది. అక్కడ హైమవతిగారు గరిటెని కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, మళ్ళీ మామూలుగా వంగి పులుసు బకెట్టులోకి తోడుతున్నారు. బాగా అలవాటైన పనిలా చేశారు.

పంక్తిలోంచి మధ్యలో లేవకూడదు. డాక్టరు ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళాడు. గురువుగారు మాత్రం చెయ్యి విస్తట్లోనే ఉంచుకుని కూర్చున్నారు. ఆయన లేవందే ఎవరూ లేవరు గనక పంక్తి మొత్తం చేతులు ఎండబెట్టుకుని కూర్చుంది.

“హైమా, ఆ నొప్పి ఎలా ఉంది?”

ఆవిడ తల తిప్పి చూసింది. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. అదే ఘోరంగా అనిపించింది నాకు.

“ఏ నొప్పండీ? ఏమీ లేదని మీరే చూశారుగా.”

“చూసింది కాదే. నీకెలా ఉందో చెప్పు.”

“నాకేం, బాగానే ఉన్నాను. పంక్తిలోంచి లేచి వచ్చారేమిటి, వెళ్ళండి. మజ్జిగ పంపిస్తాను.”

డాక్టరు వెనక్కి తిరిగాడు. పంక్తిలో లేచినవాడు మళ్ళీ కూర్చోకూడదు. వచ్చి గురువుగారి వెనక స్తంభం పట్టుకుని, పిల్లాడిలా నిలుచున్నాడు. పొద్దుటి ప్రశ్న మళ్ళీ అడగలేదు.

గురువుగారు విస్తరి నెమ్మదిగా తనవైపుకి మడిచారు.

“విస్తరి మడిచాక ఎలా ఉందని అడిగితే, నాయనా, ఎవరైనా బాగుందనే అంటారు.”

ఇదీ జరిగింది. సాక్ష్యం కావాలంటారు, తెలుసు. గురువుగారు లేరు, డాక్టరూ లేడు. ఆ రోజుది పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కరే మిగిలారు. ఇప్పటికీ ఆ వంటింట్లోనే, ఎడమచేత్తోనే పులుసు తోడుతుంటారు. వెళ్ళి అడగండి, చెబుతారేమో. పేరిశాస్త్రిగారి హైమవతి.