సన్నాయి పీక తగువు

పెళ్లిళ్లలో సన్నాయి ఊదే పైడన్న దగ్గర సన్నాయి కొసన బిగించే, తేనెలాంటి పలుకున్న రెల్లు పీక ఒకటుండేది. దానిమీద ఆస్థాన సన్నాయి విద్వాంసుడు భుజంగరాయుడి కన్ను పడింది. "అది నాది! ఇందాకే నా పెట్టెలోంచి కొట్టేశాడు" అని రాజుగారి నిండు సభలో పైడన్నని చూపిస్తూ రంకెలేశాడు.

దొంగని తేలితే చెయ్యి నరికేస్తారు. పైడన్న మాత్రం తొణక్కుండా, "ప్రభూ, దీనికి సొంతదారు నోరు తప్ప ఇంకొకరి నోరు తగల్లేదు. కావాలంటే ఆయన్నే అడగండి" అన్నాడు.

"అవును, తగిలింది నా నోరే!" అన్నాడు భుజంగరాయుడు.

"అయితే వాయించు" అన్నాడు రాజు.

భుజంగరాయుడు పీక అందుకుని, మొహం చిట్లించి, పట్టు ఉత్తరీయంతో ముమ్మారు తుడిచి, నోట్లో పెట్టుకోబోయాడు.

"ఆగండి బాబూ! మీ ఎంగిలి మీకే అసహ్యమా?" అన్నాడు పైడన్న.

సభ గొల్లుమంది. రాజు పీకను పైడన్నకి ఇప్పించాడు. పైడన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయన పెదవి తగల్లేదు కదా?" అని అడిగి మరీ నోట్లో పెట్టుకున్నాడు.