బెదురు గురవమ్మ చూపించిన చోటు

అనగనగా ఒక అడివంచు. ఈ కథలో రాజు లేడు, రాణి లేదు, వేటకెళ్ళిన కొడుకులూ లేరు. నెత్తిన కుండలు, చంకన పిల్లలు, నోట పాట పెట్టుకుని నడిచొచ్చిన కొన్ని కుటుంబాలున్నాయి.

వాళ్ళు క్రీస్తును నమ్ముకున్నారు. జాతరలో డప్పు కొట్టేది లేదన్నారు. చచ్చిన గొడ్డును మోసేది లేదన్నారు. దాంతో ఊరు వాళ్ళకి బావి మూసింది, కూలి మూసింది, దారి మూసింది. సరే పొమ్మని, నల్లమల అంచున, గుండ్లకమ్మ ఒడ్డున, ఎవరికీ అక్కర్లేని నేల చూసుకున్నారు. పొదలు కొట్టారు. గుడిసెలు వేశారు. అన్నిటికన్నా ముందు ప్రార్థనకి ఒక పాక వేశారు.

పగలు పులి గాండ్రింపు, రాత్రి ఏటి హోరు. అందరికీ గుండె అదిరేది. కానీ పైకి అనేవాళ్ళు కాదు. భయమంటే నమ్మకం లేనట్టేనని వాళ్ళ లెక్క. అందరి భయాన్నీ పైకి అన్న మనిషి ఒక్కతే. ఆమె బెదురు గురవమ్మ.

గురవమ్మకి కోడిపుంజంటే భయం, తన నీడంటే భయం. "అత్తా, నా పుంజు నీకేసే చూస్తోంది, పరిగెత్తు!" అని పక్క గుడిసె సలోమి ఆట పట్టించేది. గురవమ్మ నిజంగానే పరిగెత్తేది. అన్నిటికన్నా నీళ్ళంటే ఇంకా భయం. బాప్తిస్మమంటే వాళ్ళకి నిండా మునగాలి, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుంటే కుదరదు. గురవమ్మ చీలమండ దాటి ఏట్లో దిగలేదు. అందుకని సంఘంలో ప్రభువు బల్ల దగ్గర ఆమెకి రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు. పాక బయట కూర్చుని పాట వినేది.

ఆమెకున్నదల్లా ఒక్క మనవరాలు, చిన్నక్క. కలరాలో తల్లీ తండ్రీ పోతే గురవమ్మే పెంచింది.

ఒకనాడు అందరూ కట్టెలకి లోయలోకి బయల్దేరారు. గురవమ్మ ఆగిపోయింది.

"భయమేస్తోంది సామీ."

బోధకుడు సీమోనయ్య మంచివాడే, కానీ మొండివాడు. "ఏం, పిల్లి ఎదురొచ్చిందా? శకునాలు ఊళ్ళోనే వదిలేసి వచ్చాం గురవమ్మా."

"శకునం కాదు సామీ. పిట్టలు పలకట్లా."

నవ్వారు, వెళ్ళారు. లోయలో వాళ్ళ కళ్ళ ముందే, వెంట తోలుకెళ్ళిన పెయ్యదూడని పులి ఈడ్చుకుపోయింది.

ఇంకోనాడు విత్తనాల కొట్టం వాగు పక్కన కడతామన్నారు.

"భయమేస్తోంది సామీ."

"శకునాలు వదిలేసి వచ్చాం గురవమ్మా."

"శకునం కాదు సామీ. చెట్లకి నడుమెత్తున చెత్త చుట్టుకునుంది. నీళ్ళు అంతెత్తు వచ్చుంటాయి."

నవ్వారు, కట్టారు. వానలు పడ్డాయి. కొట్టం పోయింది, విత్తనం పోయింది. పిల్లలు ఆకుకూర నీళ్ళు తాగి పడుకున్నారు.

అప్పుడన్నా విన్నారా? "ఆమె నోట అన్నందుకే కీడు వచ్చింది" అని గొణిగారు. చూశారా? శకునాలు వదిలేశామన్నవాళ్ళే ఒక మనిషిని శకునం చేసి కూర్చోబెట్టారు!

వరద తీసింది. బాప్తిస్మాల ఆదివారం వచ్చింది. ఆ రోజు ముందుగా మునిగేది చిన్నక్క. ఎప్పుడూ దిగే మడుగే, ఎప్పుడూ పాడే పాటే. సీమోనయ్య ఎగువ రాళ్ళ మీదుగా దిగి, నడుమెత్తు నీళ్ళలో నిలబడి చెయ్యి చాపాడు. తెల్లచీర కట్టుకుని చిన్నక్క ఏట్లో కాలు పెట్టింది.

గురవమ్మ ఒడ్డున వణుకుతోంది.

"భయమేస్తోంది సామీ."

పాట ఆగింది. "ఇవాళ కూడానా అత్తా!" అంది సలోమి.

"శకునాలు..." అని సీమోనయ్య మొదలుపెట్టాడు.

"శకునం కాదయ్యా! నీకూ పిల్లకీ మధ్యన చూడు. కింద ఇసక మరుగుతోంది. వరద అడుగుని తినేసింది."

"నమ్మినవాళ్ళకి అడుగు దేవుడే వేస్తాడు. రామ్మా చిన్నక్కా."

చిన్నక్క ఒక అడుగేసింది. ఇంకో అడుగేసింది.

గురవమ్మకి చెవుల్లో హోరు. కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి. అయినా ఆ కాళ్ళతోనే దిగింది. చీలమండ మునిగింది, మోకాలు మునిగింది, నడుము మునిగింది. చిన్నక్కని దాటి ముందుకెళ్ళి రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. ఇంకొక్క అడుగు.

ఆ అడుగు కింద అడుగు లేదు.

ఊబి తొడల దాకా పట్టుకుంది. చిన్నక్క "అవ్వా!" అని మీద పడబోయింది. గురవమ్మ రెండు చేతులతో దాన్ని ఒడ్డుకేసి తోసింది. ఆ తోపుకి తాను ఇంకాస్త దిగింది. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. రక్షించమని అరవలేదు. చెయ్యి పైకెత్తి, వేలు కిందికి చూపించి, "ఇక్కడ!" అంది. నోట్లో నీళ్ళు పోయాక కూడా అంది, "ఇక్కడ!"

సలోమి చిన్నక్క జుట్టు పట్టి ఒడ్డుకి లాగింది. సీమోనయ్య తలపాగా విప్పి విసిరాడు. ఏరు దాన్ని ఖాళీగా తిరిగిచ్చింది.

గురవమ్మని మర్నాడు దిగువన రాళ్ళ దగ్గర చూశారు. గొయ్యి తవ్వబోతుంటే ఒక పెద్దమనిషి నసిగాడు. "బాప్తిస్మం లేని మనిషి. సంఘం నేలలో ఎట్లా పెడతాం?"

సీమోనయ్య పార నేలకి గుచ్చాడు. "మనమంతా పైకి లేస్తామని తెలిసి మునిగాం. ఆమె లేవనని తెలిసి మునిగింది. ఎవరిది బాప్తిస్మమో నువ్వే చెప్పు."

ఆ పెద్దమనిషి ముందుకొచ్చాడు. పార అందుకున్నాడు.

ఆ నేలలో మొదటి సమాధి ఆమెదే. అడివి వెనక్కి జరిగింది. గుడిసెలు ఊరయ్యాయి. చిన్నక్క మనవలకి మనవలు పుట్టారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో బావి తవ్వుతున్నా, మిద్దె ఎక్కుతున్నా, పెళ్ళి మాట ఖాయం చేసుకుంటున్నా, ఎవరన్నా, పసిబిడ్డయినా సరే, "నాకు భయమేస్తోంది" అంటే పని ఆగుతుంది. ఎందుకు భయమని అక్కడ ఎవరూ అడగరు. చేతిలోది కింద పెట్టి, ఆ బిడ్డ ఎత్తుకి వంగి, ఒక్క మాటే అడుగుతారు.

"ఎక్కడ?"