పొగ దిగేదాకా

పోతినీడికి ప్రాణం ఉసూరుమంటోంది. సరిహద్దు రక్షణ ఏర్పాట్లన్నీ తనొక్కడే తలకెత్తుకుని కూర్చాడాయె! కొండకొండకీ పొగ వేసే కావలి, ఏటి రేవుల్లో విలుకాళ్లు, కనుమ దగ్గర రాతికోట, పల్లెపల్లెకీ చాటింపు. ఒక్కోదాన్నీ పరీక్షించి చూసుకున్నాడు. వేలెత్తి చూపడానికి లేదు. గురువుగారు సరేనంటే రాజుగారు ముద్ర వేస్తారు.

ఆ గురువు ఎల్లనాచార్యులేమో సరేనూ అనరు, కాదనీ అనరు.

"లోపం ఎక్కడుందో చెప్పండి స్వామీ, దిద్దుకుంటాను" అన్నాడు పోతినీడు.

"దేనికదే ముచ్చటగా ఉంది నాయనా. పద, అలా పల్లె దాకా వెళ్లొద్దాం."

దారిలో కావలి కొండ తగిలింది. ముసలాయన తిన్నగా నెగడు దగ్గరికి వెళ్లి, ఇంత పచ్చాకు తెచ్చి అందులో పడేశారు. పొగ గుప్పుమంది. శత్రువు జాడే లేదే, ఇదేం చోద్యమని పోతినీడు నోరు తెరిచేలోపే ఆయన కొండ దిగిపోతున్నారు.

పక్క కొండ మీద పొగ లేచింది, ఆ పక్క దాని మీదా లేచింది. ఆశ్చర్యం అటుంచి, పోతినీడి ఛాతీ కాస్త పొంగిన మాట నిజం.

పల్లెకి చేరేసరికి అక్కడ ఒకటే హడావుడి. పొగ కనిపిస్తే ఉన్నపళంగా కోటలోకి వచ్చెయ్యమని చాటించింది అతనే కదా! పిల్లల్ని చంకనేసుకుని, గొడ్లని అదిలించుకుంటూ జనం పరుగు తీశారు. గురుశిష్యులు కూడా వాళ్లలో కలిసిపోయారు.

కోట తలుపు మూసి ఉంది.

పోతినీడు గొంతు చించుకుని తన పేరు చెప్పాడు. బురుజు మీది కావలివాడు గుర్తుపట్టి, భక్తిగా చేతులు జోడించాడు.

"తమరి ఆజ్ఞే కదా దొరా. పొగ లేస్తే తలుపు మూసెయ్యాలి, దిగేదాకా రాజుగారొచ్చినా తియ్యకూడదన్నారు."

చంటిబిడ్డతో ఉన్న ఒకావిడ ఒగర్చుకుంటూ పోతినీడి వైపు తిరిగింది. "రమ్మన్నది మీరే కదయ్యా?" అంది.

అతను పొగ వంక చూశాడు, తలుపు వంక చూశాడు, ఆ బిడ్డ వంక చూశాడు. సిగ్గుతో ఒళ్లంతా చెమట పట్టింది. ఇందులో ఏది తప్పో చెప్పమన్నట్టు గురువు కేసి తిరిగాడు.

ఆయన అప్పటికే జనం మధ్య, గోడ వారగా చతికిలబడి ఉన్నారు. కాస్త జరిగి పక్కన చోటిచ్చారు.

"కూర్చో నాయనా. పొగ దిగేదాకా మనమంతా శత్రువులమే."