ఇసకకు నీళ్ళు పోసిన దీవెనమ్మ

1994 మార్చి 27న, మట్టల ఆదివారం నాడు, సముద్రానికి కోసెడు దూరంలో ఉన్న మా ఇసకపేట సంఘంలో దయామణికి అన్యాయం జరిగింది. కల్లు గీసేవాణ్ణి పెళ్ళాడిందని పెద్దలు ఆమె పేరును సంఘం పుస్తకంలో అడ్డంగా కొట్టేసి, ఆ సంగతి ఆరాధన మధ్యలో పైకి చదివారు. ఆ నలుగురు పెద్దల్లో ఇద్దరు, ఏ కుండలో కల్లు ఏ చెట్టుదో కళ్ళు మూసుకుని చెప్పగల ఘనులు. అది అలా ఉంచండి. అంతకన్నా పెద్ద అన్యాయం ఆడవాళ్ళ వరసలో జరిగింది. దయామణి తల్లి దీవెనమ్మ చేతిలో మట్ట పట్టుకుని, తల దించుకుని కూర్చుంది. ఒక్క మాట అనలేదు. కూతురు తల్లివంక ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. దీవెనమ్మ రెండుసార్లు, కాలవ అవతల కూతురు కాపురమున్న ఇంటికని బయల్దేరి కాలవ దాకా వెళ్ళి, ఏ ముఖం పెట్టుకుని దాటను అనుకుని వెనక్కి వచ్చేసింది.

మా ఆడవాళ్ళకు వాక్యం చెప్పే తబితమ్మగారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఓర్పు అంటే ఏమిటని అడిగిన పాస్టరుగారి భార్యచేత ఒకసారి బుట్టెడు చింతపండు గింజలు తీయించారు.

ఆ ఏడు క్రిస్మసుకు ముందొచ్చే ఆగమనకాలం మొదటి ఆదివారం దీవెనమ్మ కొంగుముడి విప్పి, నలిగిపోయిన ఒక చీటీ ఆవిడ ముందు పెట్టింది. కొత్త సంవత్సరపు ఆరాధనలో పళ్ళెంలోంచి తలా ఒకటి తీసుకునే వాగ్దానపు చీటీ అది. దూరమైన నీ బిడ్డలు నీ దగ్గరకు వస్తారని దాని మీద ఉంది. జనవరిలో అది చదువుకుని, ఎవరి చీటీయో నా చేతికొచ్చింది, నా పిల్ల నా ఇంట్లోనే ఉందిగా అని నవ్విందట. మార్చి నుంచి కొంగున కట్టుకుని తిరుగుతోంది. మావాళ్ళకు ఒక పట్టింపు ఉంది: ఈ ఏటి చీటీ ఈ ఏటికే. డిసెంబరు దాటితే అది బస్సు దిగాక చేతిలో మిగిలిన టిక్కెట్టు.

“ఇంకో నెలలో దీని గడువు తీరిపోద్దండి అమ్మగారూ,” అంది దీవెనమ్మ. “దేవుడు మర్చిపోయాడేమో అని అడగొచ్చాండి?”

రేపు తెల్లారేసరికి బిందె పట్టుకుని రమ్మన్నారు తబితమ్మగారు.

మర్నాడు ఊరంతా మంచులో మునిగి ఉంది. కొబ్బరిచెట్లకు మొదళ్ళు లేవు, తలలు మాత్రం తేలుతున్నాయి. సముద్రం ఎటుందో తెలియదు, దాని చప్పుడు అన్ని వైపులనుంచీ వస్తోంది. తబితమ్మగారి పెరట్లో మంచం పొడవున ఇసక మేట ఒకటి ఉంది. దాని మీద గడ్డిపరకైనా లేదు. అది తేగల పాతర అనీ, తాటి టెంకలు పరిచి ఇసక కప్పి ఉందనీ, రోజూ వచ్చి నీళ్ళు చల్లమనీ చెప్పి, ఇంతకీ మొలిచాయంటావా అని అడిగారు.

దీవెనమ్మకు నవ్వొచ్చింది. “తాటి టెంక మొలక ముందు కిందికి దిగుద్ది కదండీ, పైనేం కనపడుద్ది? తొందరపడి తవ్వామంటే టెంకలోని మెత్తటి గుంజు దక్కుద్దేమో గానీ తేగ దక్కదు.”

“నీకెవరు చెప్పారు?”

“మా అమ్మండి.”

“అయితే అమ్మ మాట నమ్మావన్నమాట,” అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

దీవెనమ్మ రోజూ వచ్చింది. రోజూ బోడి ఇసక మీద నీళ్ళు చల్లింది. మంచులో తానొక్కతే ఉన్నట్టు, తన చేతులు కూడా ఎవరివో అయినట్టు అనిపించేదట. ఒకనాడు సంఘపెద్ద యోనాతానుగారు కంచె పక్కనుంచి పోతూ, ఏమ్మా, ఇసక పంట ఎకరానికి ఎన్ని బస్తాలు అని ఎకసెక్కెం ఆడారు. దీవెనమ్మ బిందె దించింది. నా కూతురి పేరు కొట్టేశామని చదివిన నోటితో నన్ను పలకరించకండి అంది. మార్చిలో రావలసిన మాట డిసెంబరులో వచ్చింది. అయినా వచ్చింది. ఆ సాయంత్రానికల్లా ఆ మాట కాలవ దాటి పోయింది.

డిసెంబరు 19న తెల్లారగానే, దీవెనమ్మ వంగి నీళ్ళు చల్లుతుంటే మంచులోంచి ఒక మనిషి వచ్చింది. భుజాన గునపం ఉంది. అడుగుల చప్పుడు లేదు. వచ్చి మేటకు అవతలి పక్కన కూర్చుని, అంచున తవ్వి, చేత్తో ఇసక తప్పించడం మొదలుపెట్టింది. ఇది కల అయితే కదిలితే చెదురుతుందని దీవెనమ్మ కొంతసేపు కదల్లేదు. బిందెలో నీళ్ళు తన కాళ్ళ మీదే పోసుకుంటోందని కూడా ఆమెకు తెలియలేదు. తర్వాత తానూ చెయ్యి పెట్టింది.

“కాస్త జరుగమ్మా, తేగ ఇరిగిపోద్ది,” అంది దయామణి.

తొమ్మిది నెలల తర్వాత కూతురి నోట వచ్చిన మొదటి మాట అది. తేగలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి, పాలరంగులో, జానెడేసి పొడవున.

సంఘం పుస్తకంలో ఆ అడ్డగీత ఇప్పటికీ అలాగే ఉంది. మా పెద్దలకు సిరాకు కరువు లేదు, సిగ్గుకే. ఆ ఉదయం మాత్రం తల్లీకూతుళ్ళు ఒకే పొయ్యి దగ్గర తేగలు కాల్చుకున్నారు. నేను అడిగాక మీరే కబురు పెట్టారాండి అని దీవెనమ్మ మెల్లగా తబితమ్మగారిని అడిగింది.

ఆవిడ గోడకు వేలాడుతున్న చేటను తీశారు. పాతర వేసినవాళ్ళు రోజులు లెక్క చూసుకోవడానికి బొగ్గుతో రాసే తారీకు దాని వెనక గోడ మీద ఉంది. రాత దయామణిది. మొగుడి చెట్ల టెంకలు తానే మోసుకొచ్చి పాతరవేసి, మా అమ్మకు తేగలంటే ఇష్టం, క్రిస్మసుకు తవ్వడానికి నేనే వస్తాను అని చెప్పి వెళ్ళిందట.

“నువ్వు నన్ను అడిగింది నవంబరు ఇరవై ఏడున,” అన్నారు తబితమ్మగారు. “గోడ మీద ఏముందో పైకి చదువు దీవెనా.”

సెప్టెంబరు 5.